మైకేల్ హెడ్జెస్ దారిలో అకూస్టిక్ గిటార్: ట్యూనింగ్ నుంచి సొంత బాణీ దాకా

గిటార్ మీద ఒక చెయ్యి కొడుతుంటే, ఇంకో చెయ్యి పైనుంచి వచ్చి ఫ్రెట్ల మీద వాలుతుంది. మధ్యలో చెక్క మీద దరువు, ఎక్కడినుంచో గంటల్లాంటి హార్మోనిక్స్. ఇలాంటి వీడియోలు మీరు చూసే ఉంటారు. ఆండీ మెక్‌కీ, కాకీ కింగ్, జాన్ గామ్ వంటి గిటారిస్టులను చూసి "ఇది ఎలా మొదలుపెట్టాలి?" అని అడిగేవాళ్లు చాలామంది. ఆ బాటలో వెనక్కి నడుస్తూ పోతే తగిలే పెద్ద పేరు మైకేల్ హెడ్జెస్. అందుకే ఈ గైడ్‌ని ఆయన చుట్టూ అల్లాను.

ఎవరీయన?

1953 డిసెంబర్ 31న కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో పుట్టాడు, పెరిగింది ఓక్లహామాలోని ఈనిడ్ ఊళ్లో. తర్వాత బాల్టిమోర్‌లోని పీబడీ కన్సర్వేటరీలో సంగీత రచన చదివాడు. ఒకవైపు నీల్ యంగ్, జాన్ మార్టిన్, లియో కాట్కీ లాంటి వాళ్ల గిటార్, ఇంకోవైపు స్ట్రావిన్‌స్కీ, స్టీవ్ రైక్ లాంటి స్వరకర్తలు, రెండూ ఒకే బుర్రలో కాపురం పెట్టాయి. తాను గిటార్ వాయించే స్వరకర్తనని చెప్పుకునేవాడు. పాలో ఆల్టోలో ఆయన కచేరీ విన్న విండమ్ హిల్ రికార్డుల సంస్థ స్థాపకుడు విలియం ఆకర్‌మన్, అక్కడికక్కడే ఒక పేపర్ నాప్‌కిన్ మీద ఒప్పందం రాయించుకున్నాడని ప్రతీతి. 1981లో మొదటి ఆల్బమ్, 1984లో "ఏరియల్ బౌండరీస్" వచ్చాయి. ఆ రెండో ఆల్బమ్ పేరే పెట్టుకున్న మొదటి ట్రాక్ విని, ఇద్దరో ముగ్గురో వాయిస్తున్నారని చాలామంది గిటారిస్టులే పొరబడ్డారు. అందులో ఉన్నది ఒక మనిషి, ఒక గిటార్, ఓవర్‌డబ్ (ఒక రికార్డింగ్ మీద ఇంకోటి కలపడం) లేని వాయింపు.

దుకాణాల్లో ఆయన రికార్డుల్ని "న్యూ ఏజ్" (ధ్యానానికీ విశ్రాంతికీ వినే మెత్తటి సంగీతం) అరలో పెట్టేవారు. ఆయనకది నచ్చేది కాదు. తన సంగీతానికి "వయలెంట్ అకూస్టిక్", "హెవీ మెంటల్" అని సరదాగా తనే పేర్లు పెట్టుకున్నాడు. స్టేజీ మీద బాబ్ డిలన్ పాటలూ బీటిల్స్ పాటలూ గొంతెత్తి పాడుతూ, ఒక్క గిటార్‌తో రాక్ బ్యాండ్‌కి సరిపడా చప్పుడు చేసేవాడు. 1997 చివర్లో కాలిఫోర్నియాలో కారు ప్రమాదంలో చనిపోయేనాటికి వయసు 43. ఆ మరుసటి ఏడాది ఆయనకి గ్రామీ ఇచ్చారు, అదీ న్యూ ఏజ్ విభాగంలోనే!

మొదలుపెట్టేముందు ఒక మాట. ఈ శైలి నేర్చుకునేవాళ్లలో ఎక్కువమంది చెక్క మీద దరువుతో మొదలుపెడతారు, ఎందుకంటే వీడియోలో కంటికి కనిపించేది అదే. నా లెక్కలో అది చివరికి రావాలి. హెడ్జెస్ వాయింపులో అసలు సత్తా ఏ స్వరం ఎప్పుడు మొదలవుతుందో అన్నదాంట్లోనే కాదు, ఎప్పుడు ఆగుతుందో అన్నదాంట్లో ఉంది. కింది వరస ఆ లెక్కప్రకారమే.

1. గిటార్, తీగలు

స్టీల్ తీగల అకూస్టిక్ కావాలి. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ మీద కిందికి దించిన ట్యూనింగ్‌లు అంతగా నిలబడవు, ట్యాపింగ్ (మీటకుండా వేలితో ఫ్రెట్ మీద కొట్టి పలికించడం) కూడా మెత్తగా వినిపిస్తుంది. హెడ్జెస్ ఎక్కువగా వాడింది 1971 నాటి మార్టిన్ డి-28. దానికి "బార్బరా" అని పేరు. అదనపు బేస్ తీగలున్న పాతకాలపు డయర్ హార్ప్ గిటార్ కూడా వాయించాడు. మీకు అవేవీ అక్కర్లేదు. ప్లైవుడ్ టాప్ ఉన్న మామూలు గిటార్ అయితే ఇంకా మంచిది, దెబ్బలు తట్టుకుంటుంది. మంచి సాలిడ్ టాప్ గిటార్ మీద దరువు సాధన చెయ్యకండి.

యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగల ఎత్తు) మాత్రం చూసుకోండి. తీగలు ఫ్రెట్లకి మరీ ఎత్తుగా ఉంటే కొట్టకుండా వేలితో నొక్కి శబ్దం పలికించడం (హామర్-ఆన్) కష్టం. మరీ కిందికి ఉంటే, దించిన ట్యూనింగ్‌లో తీగ ఫ్రెట్లకి తగిలి బర్రుమంటుంది. గిటార్ రిపేర్ చేసేవాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు "ఆరో తీగని సి దాకా దించుతాను" అని ముందే చెప్పండి, దానికి తగ్గట్టు సెటప్ చేస్తారు. విశాఖ, కాకినాడల్లో ఉక్కపోతకి టాప్ ఉబ్బి యాక్షన్ పెరుగుతుంది, హైదరాబాద్ ఎండాకాలానికి చెక్క ఎండి తగ్గుతుంది. కాబట్టి సెటప్ ఒకసారి చేయిస్తే చాలనుకోకండి.

2. ట్యూనింగ్: ముందు డిఏడిజిఏడి, తర్వాత సిసిడిజిఏడి

మామూలు ట్యూనింగ్‌లో ఖాళీ తీగలన్నీ (వేలితో నొక్కనివి) కలిపి మోగిస్తే పెద్దగా అర్థం ఉండదు. హెడ్జెస్ చేసిన పని ఏంటంటే, ఒక్కో రచనకి ఒక్కో ట్యూనింగ్ పెట్టుకుని ఖాళీ తీగలకే పని అప్పగించడం. అప్పుడు ఎడమ చెయ్యి కదిలే సమయంలో కూడా సంగీతం ఆగదు.

మొదట డిఏడిజిఏడి తీసుకోండి (అన్నిటికంటే లావైన ఆరో తీగ నుంచి ఒకటో తీగ దాకా వరసగా స్వరాల పేర్లు: D A D G A D). 1960ల మొదట్లో ఇంగ్లండ్ గిటారిస్టు డేవీ గ్రహమ్ వల్ల ప్రచారంలోకి వచ్చిన ట్యూనింగ్ ఇది. ఆరో తీగ ఇ నుంచి డి కి, రెండోది బి నుంచి ఏ కి, ఒకటోది ఇ నుంచి డి కి దించాలి. మూడూ దించడమే కాబట్టి తీగ తెగుతుందన్న టెన్షన్ లేదు. డి ని షడ్జమం అనుకుంటే ఆరో తీగ నుంచి వరసగా స ప స మ ప స వస్తాయి. తంబూరా విన్న చెవికి ఇది వెంటనే ఇంట్లో ఉన్నట్టు అనిపిస్తుంది. కొన్ని వారాలు దీంట్లోనే తిరగండి.

తర్వాత "ఏరియల్ బౌండరీస్" ట్రాక్‌కి హెడ్జెస్ వాడిన సి సి డి జి ఏ డి. ఇక్కడ జాగ్రత్త. ఆరో తీగ ఇ నుంచి సి కి నాలుగు మెట్లు (ఒక్కో మెట్టు ఒక ఫ్రెట్ దూరం) దిగుతుంది, కానీ ఐదో తీగ ఏ నుంచి సి కి మూడు మెట్లు పైకి వెళ్తుంది. మూడు మెట్లు పెంచితే ఆ తీగ మీద బిగువు దాదాపు 41 శాతం పెరుగుతుంది. మామూలు 12-53 సెట్‌లో (ఈ అంకెలు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) ఐదో తీగ మందం 42. దాన్ని అలాగే లాగకండి. తెగి మొహం మీదికి వస్తుంది, తెగకపోతే బ్రిడ్జిని (టాప్ మీద తీగలు బిగించే చెక్కని) లాగుతుంది. విడి తీగలు దొరికితే ఐదోదానికి 35 లేదా 36 వేసుకోండి. ఆరోది 53 అయితే సి దగ్గర వేలాడుతుంది. 56, ఇంకా మందంగా దొరికితే 59 వెయ్యండి.

ముందు ఆరు, రెండు, ఒకటి తీగలు దించి, చివర్లో ఐదోదాన్ని పెంచండి. ట్యూనర్ లేకుండా సరిచూసుకోవడానికి ఒక వరస గుర్తుపెట్టుకోండి: 12, 2, 5, 2, 5. అంటే ఆరో తీగ 12వ ఫ్రెట్ దగ్గర హార్మోనిక్ ఐదో ఖాళీ తీగతో కలవాలి. ఐదో తీగ 2వ ఫ్రెట్ నాలుగో తీగతో, నాలుగో తీగ 5వ ఫ్రెట్ మూడోదానితో, మూడోదాని 2వ ఫ్రెట్ రెండోదానితో, రెండోదాని 5వ ఫ్రెట్ ఒకటోదానితో కలవాలి.

ఇప్పుడు మనకి పనికొచ్చే సంగతి. సి ని షడ్జమం అనుకుని ఖాళీ తీగలు మీటండి: స స రి ప ద రి. చతుశ్రుతి రిషభం, పంచమం, చతుశ్రుతి ధైవతం. ఒక్క అంతర గాంధారం చేరిస్తే మోహనం! ఆ గాంధారం నాలుగో తీగ 2వ ఫ్రెట్‌లో చేతికి అందేంత దూరంలో ఉంది. హెడ్జెస్ మోహన రాగం అనుకుని ఈ ట్యూనింగ్ పెట్టలేదు, అది కచ్చితంగా మన చెవి చేసుకునే జత. అయినా తెలుగు చెవితో ఈ శైలిలోకి దిగడానికి ఇంతకంటే దగ్గర దారి నాకు కనిపించలేదు.

ఐదో ఖాళీ తీగ స, నాలుగో ఖాళీ తీగ రి, నాలుగో తీగ 2వ ఫ్రెట్ గ, మూడో ఖాళీ తీగ ప, రెండో ఖాళీ తీగ ద, రెండో తీగ 3వ ఫ్రెట్ పై స. ఈ ఆరోహణ, అవరోహణలు చూడకుండా వాయించగలిగేదాకా తర్వాతి మెట్టుకి వెళ్లొద్దు.

3. ఆపడం నేర్చుకోండి

ఓపెన్ ట్యూనింగ్‌లో పెద్ద ఇబ్బంది ఏంటంటే అన్నీ మోగుతూనే ఉంటాయి. మొదట్లో ఆ మోత బాగుంటుంది, రెండు నిమిషాలకి వినేవాడికి విసుగొస్తుంది, ఎందుకంటే బేస్ ఏదో రాగం ఏదో తేడా తెలియదు. హెడ్జెస్ రికార్డింగ్ హెడ్‌ఫోన్స్‌లో వింటే బేస్ స్వరం సరిగ్గా లెక్కకి ఆగడం, ఆ ఆగిన చోట పై స్వరం ఒంటరిగా నిలబడడం తెలుస్తుంది. ఒక మనిషి ముగ్గురిలా వినిపించడం వెనక ఉన్న కిటుకులో సగం ఇదే.

తీగని ఆపడానికి మూడు దారులున్నాయి. కుడి బొటనవేలు తాను మీటిన తీగ మీదికే తిరిగొచ్చి ఆనడం మొదటిది. ఎడమచేతి వేలి చివర లేదా పక్క భాగం, తాను నొక్కుతున్న తీగ పక్కదాన్ని తాకేలా కొంచెం వంచడం రెండోది. కుడి అరచేతి మడమని బ్రిడ్జి దగ్గర వాల్చడం మూడోది. ఈ మూడో దారి అన్ని తీగల్నీ ఒకేసారి చంపుతుంది కాబట్టి తక్కువగా వాడండి.

సాధన ఇలా చెయ్యండి. మెట్రోనోమ్ నిమిషానికి 60 దగ్గర పెట్టండి. నాలుగు లెక్కల్లో ఒకటో లెక్కకి బొటనవేలితో ఐదో తీగ (స) మీటి, మూడో లెక్కకి అదే వేలితో ఆపండి. అదే సమయంలో చూపుడు, మధ్య వేళ్లతో పై తీగల మీద ప, ద లు నాలుగు లెక్కలూ మోగుతూ ఉండాలి. చాలా తేలికగా అనిపిస్తుంది. ఫోన్‌లో రికార్డ్ చేసి వినండి. బేస్ మూడో లెక్కకి కాక మూడున్నరకి ఆగిందనో, దాన్ని ఆపబోతే పక్క తీగ కూడా ఆగిపోయిందనో తెలుస్తుంది. ఆ రికార్డింగ్‌లో తప్పు దొరకనంతవరకూ వేగం పెంచకండి.

ఇది కుదిరాక తిరగేసి చెయ్యండి: బేస్ మోగుతూ ఉండాలి, పై స్వరం రెండో లెక్కకే ఆగాలి. చాలామందికి కష్టం ఇదే.

4. రెండు చేతులకి రెండు పనులు

మామూలుగా ఎడమ చెయ్యి నొక్కుతుంది, కుడి చెయ్యి మీటుతుంది. ఇక్కడ ఆ ఒప్పందం రద్దు. ఎడమ చెయ్యి ఒంటరిగా స్వరాలు పుట్టించాలి. వేలిని ఫ్రెట్ మీద గట్టిగా, ఒకే దెబ్బతో వాల్చితే హామర్-ఆన్. అదే వేలిని పక్కకి గీరుతూ తీస్తే పుల్-ఆఫ్. కుడి చెయ్యిని వీపు వెనక పెట్టుకుని ఎడమచేతితో మోహనం ఆరోహణ వాయించి చూడండి. రిషభం కోసం ఐదో తీగ 2వ ఫ్రెట్, పంచమం కోసం నాలుగో తీగ 5వ ఫ్రెట్, ధైవతానికి మూడో తీగ 2వ ఫ్రెట్ వాడుకోవచ్చు. మొదట శబ్దం చీమ నడిచినట్టు వస్తుంది. బలంతో కాదు, వేగంతో వాల్చండి. వేలు ఫ్రెట్ కమ్మీకి ఎంత దగ్గరగా పడితే అంత స్పష్టంగా పలుకుతుంది.

తర్వాత లయ. మనకి కొనుక్కోకుండానే దొరికే సాధనం కొన్నక్కోల్, అంటే మృదంగం జతుల్ని నోటితో పలకడం. బొటనవేలు బేస్ మీద "తకధిమి" (నాలుగు) నడుస్తుంటే, పై వేళ్లు "తకిట" (మూడు) నడవాలి. పన్నెండు మాత్రలకి రెండూ కలుస్తాయి. ముందు తొడ మీద కుడి చేత్తో ఒకటి, ఎడమ చేత్తో ఒకటి కొడుతూ నోటితో చెప్పండి, ఆ తర్వాతే గిటార్ పట్టుకోండి. హెడ్జెస్ నేర్చింది పాశ్చాత్య సంగీత రచన, ఆయన ఇలా సాధన చెయ్యలేదు. కానీ చేతులు విడిపోవడానికి పనికొచ్చేది ఏదైనా సరే.

5. స్లాప్ హార్మోనిక్

ఆ గంటల శబ్దం వచ్చేది దీంతోనే. తీగని సగానికి విభజించే చోటు 12వ ఫ్రెట్. కుడి చూపుడు వేలిని తిన్నగా చాచి, 12వ ఫ్రెట్ కమ్మీకి సరిగ్గా మీద, తీగలకి అడ్డంగా టప్‌మని కొట్టి వెంటనే లేపెయ్యాలి. కాలిన పెనం తాకినట్టు. వేలు ఒక్క క్షణం ఎక్కువ ఆగినా శబ్దం చచ్చిపోతుంది. కమ్మీల మధ్య పడితే హార్మోనిక్ రాదు, చప్పుడే వస్తుంది.

సిసిడిజిఏడి లో ఒకటి, రెండు, మూడు ఖాళీ తీగల మీద కొడితే రి, ద, ప లు పై స్థాయిలో ఒకేసారి మోగుతాయి. ఎడమచేతితో 2వ ఫ్రెట్ దగ్గర అడ్డంగా నొక్కితే 14 దగ్గర కొట్టాలి, 5 దగ్గర నొక్కితే 17 దగ్గర. ఎప్పుడూ నొక్కిన చోటికి పన్నెండు కలుపుకోవాలి. 7వ ఫ్రెట్ దగ్గర, 5వ ఫ్రెట్ దగ్గర కూడా ఖాళీ తీగల మీద హార్మోనిక్స్ వస్తాయి, కాని అక్కడ చోటు ఇంకా సన్నం.

ఇప్పటిదాకా నేర్చిన వాటితో ఎనిమిది లెక్కల చిన్న ముక్క:

ఒకటో లెక్క: ఎడమ చూపుడు వేలు నాలుగో తీగ 2వ ఫ్రెట్ మీద హామర్ (గ).
రెండు: అదే వేలు పుల్-ఆఫ్ (రి).
మూడు: కుడి బొటనవేలు ఐదో ఖాళీ తీగ (స).
నాలుగు: నాలుగు, ఐదు తీగలు రెండూ ఆపాలి. నిశ్శబ్దం.
ఐదు: కుడి మధ్యవేలు మూడో తీగ 12వ ఫ్రెట్ మీద ట్యాప్ (తారస్థాయి ప).
ఆరు: అదే వేలిని పక్కకి లాగి వదలాలి (కింది ప).
ఏడు: 12 దగ్గర పై మూడు తీగల మీద స్లాప్ హార్మోనిక్.
ఎనిమిది: అది మోగనివ్వండి, చేతులు రెండూ ఒకటో లెక్క కోసం సిద్ధం కావాలి.

నాలుగో లెక్కలో ఖాళీ నిజంగా ఖాళీగా ఉందా లేదా అన్నది చూసుకోండి. మిగతావన్నీ వాటంతటవే కుదురుతాయి.

6. దరువు, చివరికి

గిటార్ పెట్టె మీద పూర్తి డ్రమ్స్ వాయించే పద్ధతిని ఎక్కువగా పెంచింది హెడ్జెస్ కంటే ప్రెస్టన్ రీడ్ అనే ఇంకో అమెరికన్ గిటారిస్టు. హెడ్జెస్ రచనల్లో చెక్క దెబ్బ అవసరమైన చోట మాత్రమే వస్తుంది. మీకు మూడు శబ్దాలు చాలు: బ్రిడ్జికి పైన బేస్ తీగల వైపు టాప్ మీద అరచేతి మడమతో తగిలిస్తే కిక్, గిటార్ పక్క భాగం మీద వేళ్లతో కొడితే స్నేర్, ఎడమచేతి వేళ్లన్నీ తీగల మీద పరిచినట్టు కొడితే "చక్" అనే మొండి చప్పుడు. ఈ మూడోది చాలా పనికొచ్చేది, ఎందుకంటే అది దరువూ అవుతుంది, తీగల్ని ఆపేదీ అవుతుంది. ఉంగరాలు తీసెయ్యండి.

7. మైక్, పికప్

ఇంట్లో వాయించుకునేవాళ్లు ఈ మెట్టు దాటెయ్యొచ్చు. స్టేజీ ఎక్కాలంటే ఒక్క పికప్ (గిటార్ శబ్దాన్ని స్పీకర్‌కి పంపే పరికరం) సరిపోదు. హెడ్జెస్ సౌండ్‌హోల్‌లో సన్‌రైజ్ మాగ్నెటిక్ పికప్, దాంతో పాటు టాప్‌కి అంటించే ఫ్రాప్ కాంటాక్ట్ పికప్ కలిపి వాడేవాడు. మాగ్నెటిక్ తీగల లావుని పట్టుకుంటుంది, కాంటాక్ట్ చెక్క చప్పుడుని పట్టుకుంటుంది. రెండింటినీ మిక్సర్‌లో వేర్వేరు ఛానెళ్లకి ఇవ్వండి. ఫీడ్‌బ్యాక్ వస్తే ముందు కాంటాక్ట్ తగ్గించండి.

8. సొంత రచన

వేరేవాళ్ల ట్యాబ్‌లు (ఏ తీగ, ఏ ఫ్రెట్ అన్నది అంకెల్లో రాసినవి) నేర్చుకోవడం మంచిదే. అయితే హెడ్జెస్ దారి అంటే ఆయన ట్రిక్కులు కాదు, మీ చెవిలో ఉన్న సంగీతానికి ఏ ట్యూనింగ్, ఏ వేలు కావాలో వెతుక్కోవడం. కర్ణాటక సంగీతం మొదలుపెట్టిన ఎవరికైనా తెలిసిన "వర వీణా మృదు పాణి" గీతంతో మొదలుపెట్టండి, అదీ మోహనమే. మొదటి వరస గ గ పా పా, ద ప సా సా. సిసిడిజిఏడి లో గ నాలుగో తీగ 2వ ఫ్రెట్, ప మూడో ఖాళీ తీగ, ద రెండో ఖాళీ తీగ, పై స రెండో తీగ 3వ ఫ్రెట్. చెయ్యి ఉన్నచోటే ఉంటుంది.

ముందు రాగం ఒక్కటే. తర్వాత ఆవర్తనం మొదట్లో ఆరో తీగ స ని బేస్‌గా చేర్చి, పా దగ్గర ఆపండి. తర్వాత చివరి సా దగ్గర స్లాప్ హార్మోనిక్ పెట్టి చూడండి. బాగోకపోతే తీసెయ్యండి. ఇక్కడ ఒక చిక్కు ఉంది: ఖాళీ తీగ మీద గమకం పలకదు. ధైవతాన్ని ఊపాలనిపిస్తే రెండో ఖాళీ తీగ వదిలి మూడో తీగ 2వ ఫ్రెట్‌కి వెళ్లాలి, అప్పుడు మోగుతున్న పంచమం తెగిపోతుంది. ఏది కావాలో మీరే తేల్చుకోవాలి. గాంధారం, ధైవతాలకి గమకం, మిగతావాటికి ఖాళీ తీగలు అన్న పంపకం నా చెవికి బాగుంటుంది.

ఏదైనా కుదిరిన రోజునే రాసిపెట్టుకోండి: ట్యూనింగ్, తీగల మందం, కేపో (తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ దగ్గర నొక్కిపెట్టే క్లిప్) ఉంటే ఏ ఫ్రెట్, ఏ స్వరం ఎన్ని మాత్రలకి ఆగాలి. ట్యాబ్ కింద స్వరాలు కూడా రాస్తే తర్వాత ట్యూనింగ్ మారినా రచన పోదు. వీడియో తీసేటప్పుడు ఫోన్‌ని రెండు చేతులూ కనిపించేలా ఎదురుగా, కొంచెం పైనుంచి పెట్టండి. వీడియో లేకపోతే ఆరు నెలల తర్వాత ఏ వేలు ఎక్కడ పెట్టారో మీకే గుర్తుండదు.